చీటీ తర్వాత పంపిస్తాం

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ పుస్తకం మా ఆయన బడిలో వాడగా మిగిలిన హాజరు పట్టీ. పిల్లల పేర్లు రాయాల్సిన గళ్ళలో నా గోడు రాసుకుంటున్నాను. చదువుతున్నది మా ఆయనే అయితే, మర్యాదగా మూసి మళ్ళీ దుప్పట్ల కింద పెట్టెయ్యండి. పాత ఆఫీసు వాళ్ళయితే, చేతులు కడుక్కుని ముట్టుకోండి.

ఇవాళ పేపర్లో వచ్చింది. నిఘా సంస్థల మీద అజమాయిషీకి కొత్త చట్టం తెస్తున్నారట. బిల్లు తయారై సభా కమిటీ ముందుకు వెళ్ళింది. ఇకమీదట జడ్జి సంతకం లేనిదే ఎవరి ఫోనూ వినకూడదు. తనిఖీ అధికారి చెప్పాపెట్టకుండా ఏ గదిలోకైనా వెళ్ళి చూడొచ్చు. పంతొమ్మిదో క్లాజు ఇంకోటి ఉంది. ఎవరి ఫోనైనా విన్నాక ఆ మనిషి తప్పేమీ చేయలేదని తేలితే, తొంభై రోజుల్లోగా ఉత్తరం రాసి చెప్పాలి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మీ ఫోను విన్నాం అని.

ఆ క్లాజు మూడుసార్లు చదివాను. టీ చల్లారిపోయింది.

పక్కనే తర్వాతాయన ఫొటో. నిఘా ఆఫీసులో పెద్ద కుర్చీ దాకా ఎక్కి దిగిన మనిషి. "మా హయాంలో ఉత్తర్వు లేకుండా ఒక్క ఫోను కూడా వినలేదు" అన్నాడట. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది.

తర్వాతాయన అన్న పేరు మేం పెట్టిందే, టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో. ఫోను చేసి, "ఈ నంబరుకి అతుకు వేసెయ్యండమ్మా, చీటీ తర్వాత పంపిస్తాం" అనేవాడు. ఆ చీటీ మూడు రోజులకి వచ్చేది, నెలకి వచ్చేది, ఒక్కోసారి వచ్చేదే కాదు. ఫ్రేము గదిలో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. ఊళ్ళో ప్రతి ఇంటి ఫోను తీగా ఆ గదికే వస్తుంది, జతలు జతలుగా, ఇనుప చట్రాల మీదికి. అతుకంటే రెండు సన్నటి తీగలు. ఒక కొస ఆ ఇంటి జతకి, రెండో కొస గోడ అవతలి గదికి. గోడ అవతల ఎవరుంటారో మేం అడగకూడదు. అడగలేదు కూడా.

ఒక్క ఫోను కూడా వినలేదట.

ఫిబ్రవరి 4

మా ఆయనతో ఏమీ అనలేదు. ఆయనా అదే పేపరు చదివాడు. చదివి మడిచి పక్కన పెట్టాడు.

ఫిబ్రవరి 6, గురువారం

దిండు గలీబులు కుట్టించాలని దర్జీ దగ్గరికి వెళ్ళాను. ఇంట్లో తలలు రెండు, గలీబులు ఇరవై ఆరు, ఇంకా ఎవరి తలలకే అని మా ఆయన వెక్కిరింపు. దర్జీ పని శుభ్రంగా ఉంటుంది, అందుకే వెళ్తాను. పదకొండేళ్ళుగా అక్కడే అలవాటు. అంతకుమించి ఏమీ లేదు.

కొట్టు చిన్నది. ఒక మిషను, ఒక బల్ల, గోడకి ఫోను. అతను మిషను మీద బాగానే కుడతాడు గానీ సూదిలో దారం ఎక్కించలేడు. కుడిచెయ్యి వణుకుతుంది. భార్య పొద్దున్నే పది సూదులకి దారం ఎక్కించి, బల్ల అంచున గుడ్డకి వరసగా గుచ్చి పెడుతుంది. అతను అడగాల్సిన అవసరం లేకుండా.

రేడియోలో బిల్లు సంగతే చెప్తున్నారు.

"ఫోన్లు వినేవాళ్ళకి ముకుతాడు వేస్తారటగా అక్కా" అన్నాడు.

"వేస్తారట."

"వెయ్యనీండి. అదంతా పెద్దవాళ్ళ గొడవ. జేబులు కుట్టేవాడి ఫోను ఎవడు వింటాడు?" మిషను ఆపాడు. "నన్ను పట్టించింది ఫోను కాదు. తోడబుట్టినవాడు."

ఆ కథ నాకు కంఠతా వచ్చు. అయినా ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే వింటాను. పదకొండేళ్ళ కిందట ఒక పొద్దున వచ్చి అతన్ని తీసుకుపోయారు. నలభై ఒక్క రోజులు ఉంచుకున్నారు. ఎందుకో అప్పుడూ చెప్పలేదు, వదిలేసేటప్పుడూ చెప్పలేదు. కానీ తమ్ముడితో తప్ప లోకంలో ఎవరితోనూ అనని మాటలు వాళ్ళ నోట విన్నాడు. తండ్రి జబ్బు సంగతి, మిల్లు నుంచి తెప్పించిన గుడ్డల సంగతి, ఒక మంత్రిని తిట్టిన తిట్టు, తిట్టింది తిట్టినట్టు. తమ్ముడు వేరే ఊళ్ళో గుడ్డల మిల్లులో పని. ఇద్దరూ రోజూ మాట్లాడుకునేవాళ్ళు. చెప్పింది వాడే అని తేల్చుకున్నాడు. బయటికి వచ్చిన రోజు నుంచి తమ్ముడితో మాట లేదు. తండ్రి పోయినప్పుడు ఇద్దరూ చెరో గుమ్మం దగ్గర నిలబడ్డారట.

"వాడి పిల్లకి పెళ్ళయిందట. ఎవరో చెప్తే తెలిసింది" అన్నాడు. మళ్ళీ మిషను తొక్కాడు.

ఆరు గలీబులకి గుడ్డ ఇచ్చి వచ్చాను. నీలం పూలది.

ఫిబ్రవరి 7

దర్జీ ఫోను మీద పడిన అతుకు వేసింది పొడుగమ్మాయి.

వినమన్నది ఒక పత్రిక నడిపే ఆయన ఫోను. అతుకు పడింది పక్క జతకి. పక్క జత దర్జీది. వీధుల్లో వాళ్ళిద్దరికీ నాలుగు మైళ్ళ దూరం, ఫ్రేము మీద మాత్రం వేలి మందం. ఎనిమిది నెలలు గోడ అవతల దర్జీ మాటలే విన్నారు. అన్నదమ్ములు రోజూ గుడ్డల గురించి మాట్లాడుకుంటుంటే, ఉత్త గుడ్డల గురించి ఎవరూ ఇంతసేపు మాట్లాడరని అనుమానపడ్డారు.

పొడుగమ్మాయి నాతో పాటే గదిలో పనిచేసేది. మనిషి నిటారుగా, స్టూలు లేకుండా పై వరస అందుకునేది. ఆ జత పై వరసలోది. పై వరసలన్నీ ఆమే చూసేది. కాబట్టి ఆమే వేసింది. పోయి నాలుగేళ్ళయింది పాపం. పోయినవాళ్ళని ఏమీ అనకూడదు. అనడం లేదు, జరిగింది రాస్తున్నాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

కమిటీకి ఉత్తరం వేశాను. తెలిసినవాళ్ళు ముందుకొచ్చి చెప్పొచ్చని కమిటీ వాళ్ళు పేపర్లో ప్రకటన ఇచ్చారు, నాకు తెలుసు, చెప్తాను. మూడు చిత్తుప్రతులు చించాను. నాలుగోది చిన్నది. "చీటీలు తర్వాత వచ్చేవి. ఎప్పుడెప్పుడు వచ్చాయో నా దగ్గర రాసి ఉంది." అంతే.

రాసి ఉన్నది నా జేబు పుస్తకం. అరచేతిలో పట్టేంత ఉంటుంది. అతుకు ఎక్కడ వేశామో గుర్తుండకపోతే, లైను బాగుచేసేటప్పుడు పొరపాటున పీకేస్తాం. పీకేస్తే గోడ అవతలి నుంచి తిట్లు. అందుకని ఫ్రేము మీద పనిచేసే ప్రతివాళ్ళకీ సొంత పుస్తకం ఉండేది. రిటైరయ్యేటప్పుడు అందరూ ఇచ్చేశారు. నేను పోయిందని చెప్పాను. పాత చెప్పుల పెట్టెలో ఉంది.

పోస్టు డబ్బాలో ఉత్తరం వేశాక చెయ్యి కాసేపు ఆ నోట్లోనే ఉంచాను. వెనక నిలబడినాయన, "అమ్మా, మీదైపోయిందా" అన్నాడు. అయిపోయింది.

ఫిబ్రవరి 15, శనివారం

కమిటీకి నేను రాసిన ఉత్తరం సంగతి ఎలా చేరిందో, తర్వాతాయన ఇంటికొచ్చాడు. ముప్పై రెండేళ్ళు గొంతు వినడమే తప్ప మనిషిని ఎదురుగా చూడలేదు. పొట్టిగా, మెత్తగా ఉన్నాడు. మా ఆయన కంగారుపడి తన కుర్చీయే ఇచ్చాడు.

"మీలాంటి నమ్మకస్తులు ఇప్పుడు దొరకరమ్మా" అన్నాడు.

"నమ్మకమే కదా సార్, చీటీ లేకుండా నడిచింది."

నవ్వాడు. పళ్ళు బాగున్నాయి. కమిటీ వాళ్ళకి పని తెలియదన్నాడు. దేశ భద్రత అన్నాడు. ఒక్కో చీటీకీ జడ్జి గుమ్మం ముందు కూర్చుంటే దొంగ దాటిపోతాడన్నాడు. అందులో నిజం లేకపోలేదు. నేనూ అలాగే అనుకునే ఇన్నేళ్ళు తీగలు అతికాను. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఉద్యోగంలో చేరినప్పుడు రహస్యం బయటపెట్టనని సంతకం చేశారు. ఆ కాగితం ఇంకా మా దగ్గర ఉంది. జ్ఞాపకం చేద్దామనే వచ్చాను, అంతే."

"అయితే మీ దగ్గర కాగితాలు బాగానే ఉంటాయన్నమాట సార్. చీటీలే ఉండవు."

మా ఆయన దగ్గాడు. తర్వాతాయన టీ సగం తాగి లేచాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ మా ఆయనకేసి చూసి, "మాష్టారూ, మీరైనా చెప్పండి" అన్నాడు.

మాష్టారు చెప్పారు. సాయంత్రమంతా చెప్పారు. జైలంటే ఏమనుకున్నావే, పింఛను ఆపేస్తే ఎవరి గడప ఎక్కుతాం, నీకెందుకొచ్చిన తంటా, ముక్కూమొహం తెలియని వాళ్ళ కోసం. నేను చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్నాను. ముక్కూమొహం తెలియని వాళ్ళ కోసం అన్నప్పుడు ఒక కాయ గింజలతో సహా చెత్తలో వేశాను.

ఫిబ్రవరి 16

చెప్పుల పెట్టెలో పుస్తకం లేదు.

ఫిబ్రవరి 17

అల్మరా, అటక, బియ్యం డబ్బా, మా ఆయన పాత ప్రశ్నపత్రాల కట్టలు. లేదు. ఆయన పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. పేపరు నిన్నటిది.

"మీరు తీశారా?"

"ఏది?"

నలభై ఏళ్ళు పిల్లలకి అబద్ధం చెప్పొద్దని చెప్పిన మనిషికి అబద్ధం చెప్పడం అస్సలు రాదు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఒప్పుకోలేదు. నేను కూడా బతిమాలలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

కమిటీ నుంచి పిలుపు. ఇరవై ఆరున పదకొండు గంటలకి.

ఫిబ్రవరి 20

ఉప్పు కావాలంటే ఆయనే లేచి తెచ్చుకుంటున్నాడు.

ఫిబ్రవరి 22, శనివారం

ఆ జత పై వరసలోది కాదు.

కింది నుంచి నాలుగో వరస. సరిగ్గా నా భుజం ఎత్తు. స్టూలు అక్కర్లేదు, పొడుగమ్మాయి అక్కర్లేదు. ఆ రోజు ఆమె సెలవులో ఉంది, వాళ్ళమ్మకి కంటి ఆపరేషను. పద్ధతి ప్రకారం ఒకరు అతుకు వేయాలి, రెండోవాళ్ళు చీటీ చేతిలో పట్టుకుని నంబరు పైకి చదవాలి, చదివి ఆ జత మీద వేలు పెట్టి చూడాలి. ఆ రోజు చీటీ లేదు, చదివే మనిషీ లేదు. నంబరు సరిగ్గానే విన్నాను. సరిగ్గానే రాసుకున్నాను. పక్క జతకి వేశాను. ఎందుకంటే ఏం చెప్పను. బస్సుకి టైమైంది, ఆకలేసింది, ఏదో ఒకటి. కారణం ఇంత చిన్నది.

ఎనిమిది నెలల తర్వాత తీసెయ్యమన్నారు. తీయబోతే పక్క జత మీద ఉంది. దర్జీ నంబరు రిజిస్టరులో చూశాను. పేరు చూశాను. వారం కిందట దర్జీని తీసుకుపోయారని పేపర్లో చిన్న వార్త, అదే పేరు. తీగ పీకి జేబులో వేసుకున్నాను. పుస్తకంలో ఒక్క ముక్క రాసుకున్నాను. ఎవరితోనూ చెప్పలేదు. అతను బయటికొచ్చిన నెలకి కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను, చేతిలో మీటరు గుడ్డతో. ఏం కుట్టమంటారు అని అడిగాడు. గలీబులు అన్నాను. అప్పటికి నోటికి వచ్చింది అదే.

అలవాటట. శుభ్రంగా కుడతాడట. నాకు నేనే ఎంత ముద్దుగా చెప్పుకున్నానో.

ఫిబ్రవరి 26, బుధవారం

వివరంగా రాసుకోవాలి.

పొద్దున్న తయారయ్యాను, ఉత్త చేతులతోనే వెళ్దామని. గుమ్మం దగ్గర మా ఆయన నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో, బూట్లతో. చేతిలో నా జేబు పుస్తకం. దానికి గోధుమరంగు అట్ట వేశాడు, బడిపిల్లల పుస్తకాలకి వేసినట్టు మూలలు మడిచి. పైన చీటీ అంటించి పేరు రాయకుండా ఖాళీగా వదిలాడు.

"అంచులు చిరిగిపోయాయి. అలా చిరిగిన పుస్తకం పెద్దవాళ్ళ ముందు పెడతావా" అన్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఎక్కడ దాచారు?"

"గలీబుల్లో. ఇరవై ఆరింట్లో నువ్వు ఒక్కటి కూడా తీయవని తెలుసు."

ఏడుపొచ్చింది. బస్సు వస్తోందని ఆపుకున్నాను.

కమిటీ గదికి కిటికీల్లేవు. పొడుగు బల్ల, తొమ్మిదిమంది సభ్యులు, మధ్యలో అధ్యక్షురాలు. ఆవిడకి జలుబు. గుమస్తా ముందే చెప్పాడు, "ఈ గదిలో ఏం చెప్పినా మీ మీద కేసుండదు. ఇదే మాట గది బయట చెప్తే ఉంటుంది. అర్థమైందా?" అర్థమైందన్నాను. తర్వాతాయన అవతలి వరసలో కూర్చున్నాడు. పక్కన సంస్థ తరఫు వకీలు, సన్నగా, చురుగ్గా.

పుస్తకం తెరిచి చదివాను. వేసిన తేదీ, చీటీ వచ్చిన తేదీ. వేసిన తేదీ, చీటీ రాలేదు. పద్నాలుగు నెలల లెక్క. నూట ఆరు అతుకులు, చీటీ ముందు వచ్చినవి తొమ్మిది. తర్వాతాయన గోళ్ళు చూసుకుంటున్నాడు.

వకీలు లేచాడు. "అమ్మా, ఇది మీ సొంత పుస్తకం. సాక్షులు లేరు, ముద్ర లేదు. మనిషి చేతి రాత. ఇందులో తప్పుల్లేవని మేం ఎలా నమ్మడం?"

"ఉంది" అన్నాను. "ఒక తప్పుంది. చెప్పమంటారా?"

అతను కూర్చోబోయాడు. అధ్యక్షురాలు చెప్పండమ్మా అంది. చెప్పాను. పేర్లు చెప్పలేదు. పత్రికాయన అన్నాను, దర్జీ అన్నాను. ఎనిమిది నెలలన్నాను. నలభై ఒక్క రోజులన్నాను.

"ఎనిమిది నెలలు విన్నవాళ్ళకి పత్రికాయన గొంతుకీ దర్జీ గొంతుకీ తేడా తెలియలేదా?" అని అధ్యక్షురాలు అవతలి వరసకేసి చూసింది. తర్వాతాయన నీళ్ళు తాగాడు.

"ఆ అతుకు వేసిందెవరు?" వకీలు అడిగాడు.

పొడుగమ్మాయి పేరు నాలుక చివర ఉంది. పదకొండేళ్ళుగా నమిలి నమిలి మెత్తబడిన పేరు. ఆమె పోయింది, ఎవరూ వెళ్ళి అడగరు.

"నేనే" అన్నాను. "చీటీ లేదు కాబట్టి చదివేవాళ్ళు లేరు. చదివేవాళ్ళు లేరు కాబట్టి తప్పు దొరకలేదు. తప్పు నాది. దొరకకుండా చేసింది మీ పద్ధతి. రెండూ రాసుకోండి."

"మరి పదకొండేళ్ళు ఎందుకు ఊరుకున్నారు?"

"చెప్పమని నాకూ ఒక చీటీ వస్తుందనుకున్నాను" అన్నాను. "ఇప్పుడు మీ బిల్లులో వచ్చింది. పంతొమ్మిదో క్లాజు. అది తీసెయ్యకండి. ఆ మనిషి తన తమ్ముణ్ణి అనుమానిస్తూ ముసలివాడైపోతున్నాడు."

అధ్యక్షురాలు చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. జలుబే కావచ్చు.

బయట మా ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, బూట్లు విప్పి పక్కన పెట్టుకుని. కొత్త బూట్లు, కరుస్తున్నాయట.

ఫిబ్రవరి 27

ముప్పై రెండేళ్ళ నిద్ర పోయాను.

మార్చి 20, గురువారం

కమిటీ నివేదిక వచ్చింది. జడ్జి సంతకం ఉంటుంది. చెప్పాపెట్టకుండా తనిఖీ ఉంటుంది. ఫోను మీద చెప్తే అతుకు వేయడం ఇకనుంచి నేరం. వేసినవాళ్ళకీ శిక్ష, వేయమన్నవాళ్ళకీ శిక్ష. నా పుస్తకం సంగతి ఒక పేజీ ఉందట, "ఒక మాజీ ఉద్యోగిని" అని. మా ఆయన ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీశాడు.

పంతొమ్మిదో క్లాజు కూడా ఉంది. కిందికి దిగి చదివితే తెలిసింది. చట్టం అమల్లోకి వచ్చాక విన్నవాటికి మాత్రమే వర్తిస్తుంది. పాతవాటిని కదిపితే సంస్థ పని పద్ధతులు బయటపడతాయట.

దర్జీకి ఉత్తరం రాదు.

మార్చి 21

అధ్యక్షురాలికి ఉత్తరం. పాతవాటిని ఎందుకు వదిలేశారని అడిగాను.

మార్చి 28

జవాబు వచ్చింది. ఆవిడే చేత్తో రాసింది. "పాతవాటికీ వర్తించాలనే నేను ఓటు వేశాను. మేం నలుగురమే అయ్యాం. క్షమించండి." కోపం తెచ్చుకుందామని చూశాను. ఆవిడ మీద రాలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

సభలో బిల్లు పాసైంది. రేడియోలో చప్పట్లు వినపడ్డాయి. మంచి చట్టమే. నేనూ కొట్టాను చప్పట్లు, వంటింట్లో, రెండే రెండు.

ఏప్రిల్ 5, శనివారం

ఇవాళ చీటీ రాశాను. పాత నమూనా నాకు ఇంకా నోటికి వచ్చు. నంబరు. అతుకు వేసిన తేదీ. తీసిన తేదీ. వేసినవారి పేరు. ఎవరు చెప్తే వేశారు. కారణం అన్న గడిలో "పొరపాటు" అని రాశాను. నమూనాలో లేని గడి ఒకటి కింద గీసి అందులో రాశాను: ఈ తేదీల మధ్య మీరు ఫోనులో అన్నవన్నీ వాళ్ళు ఫోనులోనే విన్నారు. మీ తమ్ముడు ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మా ఆయనకి ఇచ్చి పైకి చదవమన్నాను. నేను జేబు పుస్తకం పట్టుకుని ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చూసుకున్నాను. ఆయన చివరి గడి చదవలేక ఆగిపోయాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఇది ఇస్తే కేసు పెడతారే" అన్నాడు.

"తెలుసండీ."

"తెలిసే ఇస్తావన్నమాట." చీటీ తిరిగి నా ముందు పెట్టాడు. "సంతకం కింద తేదీ వెయ్యలేదు. వెయ్యి" అన్నాడు.

ఏప్రిల్ 7, సోమవారం

పొద్దున పది గంటలకి వెళ్ళాను. దర్జీ, భార్య ఇద్దరూ ఉన్నారు. చేతిలో గుడ్డ లేకుండా రావడం ఇదే మొదలు. "ఏంటక్కా, గలీబుల కోసమా? ఇంకా కుట్టనే లేదు" అని నవ్వాడు.

చీటీ బల్ల మీద పెట్టాను, సూదుల పక్కన. వణికే చేత్తో పట్టుకుంటే కాగితం గలగలలాడింది. భార్య తీసుకుని పైకి చదివింది. నంబరు చదివింది. తేదీలు చదివింది. వేసినవారి పేరు చదివి నాకేసి చూసింది.

"ఈ పేరు మీదే కదా వదినగారూ?"

"నాదే."

కింది గడి కూడా చదివింది. అతను ఆమె చేతిలోంచి లాక్కుని తనే మళ్ళీ చదువుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. తేదీల మీద వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాడు. మంత్రిని తిట్టిన రోజు ఏదో, తండ్రికి జబ్బు చేసిన రోజు ఏదో, అన్నీ ఆ తేదీల మధ్యనే పడ్డాయి. నాకు తెలుసు అవి పడతాయని.

"మీకు తెలుసా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఇక్కడ ఈ స్టూలు మీద కూర్చుని, నేను వాణ్ణి తిడుతుంటే వింటూ. మీకు తెలుసా?"

"తెలుసు తమ్ముడూ."

"అలా పిలవకండి."

పిలవలేదు. అతను కోపంతో అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని. నాన్న పోయిన రోజు వాడు నా దగ్గరికి రాబోయాడు, నేను మొహం తిప్పుకున్నాను అన్నాడు. నాతో కాదు, భార్యతో. అదే మాట రెండుసార్లు అన్నాడు.

తర్వాత లేచి ఫోను దగ్గరికి వెళ్ళాడు. అంకెలు నొక్కలేకపోయాడు. భార్య నొక్కబోతే ఆపి, నాకేసి తిరిగాడు.

"ఇప్పుడు కూడా వింటారా?"

"వింటే విననీ" అన్నాను. "ఇన్నాళ్ళూ నువ్వు చెప్పకూడనివే విన్నారు. ఇది కూడా వినాల్సిందే."

భార్య నంబరు నొక్కింది. పదకొండేళ్ళయినా చూసుకోకుండా నొక్కింది. అవతల మోగుతోంది. నేను బయటికి వచ్చేశాను. అది నేను వినాల్సింది కాదు.

ఏప్రిల్ 12, శనివారం

దర్జీ భార్య వచ్చింది. కుట్టని గుడ్డ, నీలం పూలది, మడిచి తెచ్చింది. ఫిబ్రవరిలో నేనిచ్చిందే.

"ఇక మీది కుట్టరట వదినగారూ. చెప్పి రమ్మన్నారు."

తీసుకున్నాను. న్యాయమే. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే నిలబడింది.

"మరిది వచ్చాడు. నాలుగు రోజులైంది. ఒకటే పోట్లాట ఇద్దరూ. నన్నెలా అనుమానించావని వాడు, నువ్వెందుకు గట్టిగా అడగలేదని ఈయన. అన్నాలు మాత్రం కలిసే తింటున్నారు." పైట చెంగు వేలికి చుట్టుకుంది. "సూదులకి దారం కూడా వాడే ఎక్కిస్తున్నాడు. నాకు పొద్దున్నే పని తగ్గింది."

వెళ్తూ వెళ్తూ, "మీరు ముందే చెప్పి ఉండాల్సింది" అంది. అవునన్నాను.

ఏప్రిల్ 24, గురువారం

పొద్దున్న ఇద్దరు వచ్చి కాగితం ఇచ్చి వెళ్ళారు. మర్యాదగా తలుపు తట్టారు, సంతకం చేయించుకున్నారు. రహస్య ప్రమాణం తప్పినందుకు వచ్చే నెల ఏడున కోర్టుకి రావాలి. దర్జీ కొట్టు గురించి వాళ్ళకి ఎలా తెలిసిందో అడగలేదు. ఎవరైనా విని ఉంటారు. ఈసారి ఏ జడ్జి సంతకంతో విన్నారో కోర్టులో నేనే అడుగుతాను.

మా ఆయన పైకి చదివాడు. నేను పక్కన కూర్చుని వేలు పెట్టి చూసుకున్నాను. జడ్జి సంతకం ఉంది. తేదీ ఉంది. ఎందుకు రావాలో, ఏ గదికి రావాలో ఉంది. నా పుస్తకం లెక్కలో చీటీ ముందు రావడం ఇది పదోసారి.

"పేరు సరిగ్గా ఉందా?" అన్నాడు.

ఉంది. ఇంటి నంబరు ఉంది, వీధి ఉంది, అన్నీ సరిపోయాయి. ఈసారి తప్పు మనిషిని పట్టుకోలేదు.